తలుపులు లేని హెడ్‌ఫోన్స్

“మీ ఇంట్లో గోలెక్కువా, మీ బుర్రలో గోలెక్కువా?” అని అడిగాడు షాపాయన.

హెడ్‌ఫోన్స్ కొనుక్కుందామని వస్తే డాక్టర్లా ఈ ప్రశ్నలేమిటని పాముచెవి తెల్లబోయింది. అయినా అడిగినదానికి జవాబు చెప్పకుండా ఉండలేని పిల్ల. కాసేపు ఆలోచించి మరీ చెప్పింది.

“ఇంట్లోనే ఎక్కువండీ. అక్కావాళ్ళతో ఉంటాను. అక్కకి కవలలు.”

“అయితే క్లోజ్డ్ తీసుకోండి.”

“కానీ నేను చేసేది సౌండ్ ఎడిటింగ్.”

“అయితే ఓపెన్ తీసుకోండి.”

“ఇంతకీ ఏది తీసుకోమంటారు?”

“అది నేనే చెప్పేసేట్టయితే ఇక్కడ ఈ కుర్చీలెందుకమ్మా? కూర్చోండి. రెండూ వినండి. తొందరపడితే తేలే వ్యవహారం కాదిది.”

పాముచెవి అంటే ఆ అమ్మాయి అసలు పేరు కాదులెండి. వాళ్ళక్క పెట్టింది. చిన్నప్పుడు వంటింట్లో ఎవరైనా బిస్కెట్ల డబ్బా మూత కదిపితే చాలు, వీధి చివర ఆడుకుంటున్నది పరిగెత్తుకొచ్చేసేదట. పెద్దయ్యాక ఆ చెవులే కూడు పెడుతున్నాయి. ఆడియో బుక్స్ ఎడిట్ చేస్తుంది. చదివేవాళ్ళ దగ్గులూ తుమ్ములూ, పేజీ తిప్పిన చప్పుడూ, కుర్చీ కిర్రుమనడమూ అన్నీ ఏరి పారేసి, కథ ఒక్కటే మిగిల్చడం ఆమె పని. పాత హెడ్‌ఫోన్స్‌కి టేపు చుట్టీ చుట్టీ, ఇప్పుడు టేపుకే హెడ్‌ఫోన్స్ చుట్టినట్టుంది. అందుకని ఈసారి మంచివి, అంటే ధర చూస్తే గుండె గుభేల్మనేవి, కొనేద్దామని తెగించి వచ్చింది.

షాపాయన రెండు జతలు తెచ్చి ముందు పెట్టాడు.

“ఇది క్లోజ్డ్ బ్యాక్. చెవి మీద తలుపేసి గడియ పెట్టినట్టు. బయటిది లోపలికి రాదు, లోపలిది బయటికి పోదు. ఇది ఓపెన్ బ్యాక్. వెనక చూడండి, జల్లెడలా ఉంది కదా? తలుపులూ కిటికీలూ బార్లా తీసిన ఇల్లు. పాట బుర్రలో మోగదు, ఎదురుగా కూర్చుని ఎవరో పాడినట్టుంటుంది. గాలాడుతుంది. కానీ గుట్టు దాగదు.”

ఆ ఆఖరి మాటని మాత్రం మన పాముచెవి పెడచెవిన పెట్టింది. అప్పటికే ఓపెన్ బ్యాక్ తలకి తగిలించేసుకుంది.

ఏం వినాలి? రోజూ వినేదాన్నే వింటే తేడా తెలుస్తుందని, ఫోన్లోంచి ఒక ఫైల్ తీసింది. దాని పేరు ‘గొంతు’. ఆర్నెల్లుగా ఆమె ఎడిట్ చేస్తున్న నవలలన్నీ చదువుతున్న మనిషిది ఆ గొంతు. మనిషిని ఎప్పుడూ చూడలేదు. స్టూడియో ఊరికి అటు చివర, ఆమె ఇల్లు ఇటు చివర, మధ్యలో తిరిగేవి ఫైళ్ళే. ఫొటో చూడాలంటే చూడొచ్చు. కానీ చూడలేదు. ఎలా ఉంటాడో ఊహించుకోవడంలో ఉన్న సరదా పోతుందని భయం. ఒకరోజు గుబురు మీసం పెట్టి చూసుకునేది, ఇంకోరోజు తీసేసేది. మనిషి మాత్రం తప్పకుండా భారీగా ఉండాలి. అంత గొంతు పట్టాలంటే అంత ఛాతీ ఉండొద్దూ?

ఈ ఫైలు మరీ ప్రత్యేకం. ఆయన ఒక మాట దగ్గర ఇరుక్కుపోయిన చోట అది. పాడుమూడ్‌లో ఉన్నప్పుడల్లా పెట్టుకుని నవ్వుకునేది.

“ఆమె అతని వంక నిర్మినేషంగా... ఛ! నిర్మి... నిర్నిషేమంగా... అబ్బా! నిర్... కన్నార్పకుండా అని రాస్తే ఈ రైటర్ గారి సొమ్మేం పోయింది?”

ఎప్పుడూ వినేదే. కానీ ఈసారి ఆ ‘అబ్బా’ వెనక చిన్న గదీ, చెక్క బల్లా, ఆ బల్ల మీద ఆయన చేత్తో కొట్టిన చప్పుడూ కూడా వినిపించాయి. పాముచెవి కళ్ళు మూసుకుని వాల్యూమ్ పెంచింది. మళ్ళీ వింది. ఇంకోసారి వింది. పకపకా నవ్వింది.

కళ్ళు తెరిచేసరికి పక్క కుర్చీలో ఒకతను తన హెడ్‌ఫోన్స్ మెడకి వేలాడేసుకుని ఇటే చూస్తున్నాడు. బక్కపల్చటి మనిషి. జుట్టు ఒక పక్క లేచి ఉంది. చెవులు మొహం కంటే ఓ అడుగు ముందున్నాయి. పై పన్ను ఒకటి పక్కదాని మీదికెక్కి కూర్చుంది.

“నా పరువు మొత్తం వినేశారా, ఇంకా ఉందాండీ?” అన్నాడతను.

పాముచెవి తలకున్న హెడ్‌ఫోన్స్ లాగేసింది. ఆ గొంతు! హెడ్‌ఫోన్స్‌లోంచి కాదు. ఎదురుగా, గాల్లోంచి.

“మీ... మీకు వినిపించిందా?”

“నాకే కాదు. అదిగో, ఫ్యాన్ రెక్కలు తుడుస్తున్న ఆయన కూడా ‘నిర్మినేషంగా’ అని ప్రాక్టీస్ చేస్తున్నాడు.”

“ఓపెన్ బ్యాక్ కదమ్మా, చెప్పాను కదా!” అన్నాడు షాపాయన, తన తప్పేం లేదన్నట్టు.

తేలు కుట్టిన దొంగలా అయిపోయింది పాముచెవి. అయినా నోరూరుకుంటేనా? “మీకు మీసం లేదే!” అనేసింది.

“ఉండాలా?”

“అంటే... ఆర్నెల్ల నుంచీ ఉంది.”

అతను ఒక్క క్షణం అర్థం కాక చూశాడు. అర్థమయ్యాక ఆ పన్ను బయటపడేలా నవ్వాడు. “ఓహో! అయితే నా దగ్గులన్నీ కోసి పారేస్తున్న ఎడిటర్ గారు మీరేనా? నమస్కారమండీ. నా తుమ్ములకి మీరే కదా తల్లీ తండ్రీ!”

ఆ రోజు ఇద్దరూ షాపాయన ఓపికని పరీక్షించారు. వానొచ్చింది, పోయింది, మళ్ళీ వచ్చింది. షాపాయన చివరికి తీర్పు చెప్పాడు. చదివే మనిషికి క్లోజ్డ్ ఉండాలి, లేకపోతే చెవుల్లో వినేదంతా కారి మైకులో పడుతుంది. ఎడిట్ చేసే మనిషికి ఓపెన్ ఉండాలి, లేకపోతే రోజంతా చెవికి ఊపిరాడదు. ఇద్దరూ బుద్ధిగా తల ఊపి, ఆయన చెప్పినవే కొనుక్కున్నారు. కానీ గుమ్మంలో వాన తగ్గడం కోసం నిలబడినప్పుడు ఆమె చూపు అతని సంచీ మీద, అతని చూపు ఆమె సంచీ మీద ఉన్నాయి.

*

స్టూడియోలో రికార్డింగ్ చూసుకునే ఇంజనీరు ఆ నెలలోనే సెలవు పెట్టాడు. “ఎవరైనా వచ్చి కూర్చుంటారా?” అని మేనేజరమ్మ గ్రూపులో అడగడం ఆలస్యం, పాముచెవి చెయ్యెత్తేసింది. ఊరికి అటు చివర అని మొన్నటిదాకా వంక పెట్టిన పిల్లే. ఇప్పుడు రెండు బస్సులు మారి, అందరికన్నా ముందు వెళ్ళి తాళం తీయించేది.

నవల పెద్దది, రెండు భాగాలు. ఇప్పుడు నడుస్తున్నది మొదటి భాగం. గాజు అద్దానికి అటు చిన్న బూత్‌లో అతను చదువుతుంటే, ఇటు ఆమె వింటూ తప్పులు పట్టేది. ఏదైనా చెప్పాలంటే బల్ల మీద ఎర్ర బటన్ నొక్కి మాట్లాడితే అతని హెడ్‌ఫోన్స్‌లో వినిపిస్తుంది. బూటు చప్పుడవుతోందని అతను ఉత్త కాళ్ళతో చదివేవాడు. చదివేటప్పుడు చేతులూరుకోవు. దొంగ వస్తే దొంగలా వంగేవాడు, ముసలమ్మ వస్తే నడుం పట్టుకునేవాడు. ఇవన్నీ ఇన్నాళ్ళూ ఫైళ్ళలో రాలేదు. ఆమెకి అదొక వింత. ఆర్నెల్లు విని కూడా సగమే విన్నానన్నమాట అనుకునేది.

“క్లోజ్డ్‌లో ఎలా ఉంది?” అని అడిగింది ఒకరోజు కాఫీ తాగుతూ.

“నిజం చెప్పనా? నా గొంతు నాకే బానలో తల పెట్టి మాట్లాడినట్టుందండీ. మీ ఓపెన్?”

“బ్రహ్మాండం. నా పిల్లలు... అంటే అక్క పిల్లలు ఒకళ్ళనొకళ్ళు కొట్టుకోవడం త్రీడీలో వినిపిస్తోంది.”

“ఒక వారం మార్చుకుందామా?” అన్నాడతను. మాట పూర్తయ్యేలోపు ఇద్దరి చేతులూ సంచుల్లో ఉన్నాయి.

ఇది తప్పని ఇద్దరికీ తెలుసు. బూత్‌లో ఓపెన్ బ్యాక్ పెట్టుకుని చదవడమంటే నోట్లో విజిల్ పెట్టుకుని మాట్లాడటం లాంటిది. బయట ఎవరైనా వింటే నవ్వుతారు. కానీ కుతూహలానికి బుద్ధి ఎక్కడిది? “వాల్యూమ్ తగ్గిస్తానులెండి, ఒకవేళ కారినా తీసెయ్యడానికి మీరున్నారుగా” అన్నాడతను. “ఉన్నాను” అంది ఆమె. ఆ మాట అన్నాక ఎందుకో ఇద్దరూ ఒకేసారి కాఫీ కప్పులు ఎత్తారు.

ఓపెన్ పెట్టుకుని చదవడం మొదలెట్టాక అతని చదువే మారిపోయింది. ఎదురుగా కూర్చున్న మనిషికి చెప్తున్నట్టు, నెమ్మదిగా, దగ్గరగా. మధ్యమధ్య అద్దంలోంచి ఇటు చూసేవాడు. పాముచెవి తల దించుకుని, అక్కర్లేని బటన్లన్నీ తిప్పేది.

*

నాలుగో రోజు అక్క వచ్చింది. చెల్లెలు మర్చిపోయిన ఛార్జరివ్వడానికి వచ్చానంది కానీ, ఛార్జర్ కోసం క్లినిక్ మూసుకుని ఎవరూ రారు. అక్క పళ్ళ డాక్టరు. ఎవర్నైనా ముందు పళ్ళు చూసి, తర్వాత మొహం చూసే రకం.

అతను బూత్‌లో చదువుతూ, ఒక పేరా అయ్యాక నీళ్ళ కోసం ఆగాడు. అక్క అద్దం దగ్గరికెళ్ళి తేరిపార చూసింది.

“ఇతనేనా మీ గొంతాయన?”

“ఊఁ.”

“పై పన్ను ఎక్కింది. సరిచెయ్యొచ్చులే. ఏమే, నచ్చాడా?”

పాముచెవి మొహంలోకి రక్తమంతా వచ్చేసింది. నచ్చాడు. రెండు బస్సులెక్కి వచ్చేంత నచ్చాడు. కానీ అక్క అలా సూటిగా అడిగేస్తే ఒప్పుకునేదెలా? రాత్రికల్లా ఇల్లంతా టముకు వేసేస్తుంది.

“ఛీ ఛీ! గొంతు బాగుంటుంది, అంతవరకే. మనిషితో నాకేం పని? చూడకుండా వింటేనే బాగుంటాడు.”

“అలాగా?” అని అక్క ఒక రకంగా నవ్వి, ఛార్జర్ బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని ఊరికే అనలేదు పెద్దలు. బల్ల మీది ఎర్ర బటన్ పాతది. నొక్కితే ఒక్కోసారి లేవదు. అంతకు ముందు “నీళ్ళు తాగండి” అని చెప్పడానికి నొక్కిన బటన్ అలాగే కిందికి దిగి ఉంది. అక్క వెళ్ళాక మోచెయ్యి తగిలి అది టక్కున పైకి లేచింది. ఆ చప్పుడు కూడా ఆమె పట్టించుకోలేదు. అంత పాముచెవీ అప్పుడు తన గుండె చప్పుడు వినడంలో మునిగి ఉంది.

లోపల అతను గ్లాసు పెట్టేసి చదవడం మొదలెట్టాడు. ఆ పూట మళ్ళీ అద్దంలోంచి ఇటు చూడలేదు.

మర్నాడు హెడ్‌ఫోన్స్ తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

“ఇవి తీసుకోండి మేడమ్.”

మేడమా? నిన్నటిదాకా ‘ఎడిటర్ గారూ’, ‘తుమ్ముల తల్లీ’ అన్న మనిషి!

“ఇంకా వారం కాలేదుగా? నచ్చలేదా?”

“మంచివే. కానీ వీటిలో అన్నీ మరీ స్పష్టంగా వినిపిస్తున్నాయి. నాకు పడవు.”

“మరి మీవి? నా దగ్గరే ఉన్నాయి. ఇంట్లో పెట్టొచ్చాను.”

“తర్వాత ఇద్దురుగాని, తొందరేం లేదు” అని స్టూడియోలోని పాత జత తగిలించుకుని లోపలికి పోయాడు.

మధ్యాహ్నానికి మేనేజరమ్మ ఇంకో కబురు మోసుకొచ్చింది. “మొదటి భాగం ఒక్క చాప్టరేగా మిగిలింది? శుక్రవారం అది చదివేసి వెళ్ళిపోతాడట. రెండో భాగానికి వేరేవాళ్ళని చూసుకోమన్నాడు. ఏమైందో నీకేమైనా తెలుసా?”

పాముచెవికి తెలీదు. తెలీకపోవడమంటే ఆమెకి ఒంటి మీద గొంగళిపురుగు పాకినట్టే. బస్సులో ఆలోచించింది, అన్నం తింటూ ఆలోచించింది. ఎక్కడైనా అతని నవ్వు కోసేశానా? ‘నిర్మినేషం’ గురించి మరీ ఏడిపించానా? కాఫీ డబ్బులు రోజూ అతనే ఇస్తున్నాడని కోపమా? ఒక్కటీ అతకలేదు. తెలిసిందల్లా ఒకటే. శుక్రవారం తర్వాత ఆ బూత్‌లో ఇంకెవరో కూర్చుంటారు. ఆ మాట తల్చుకుంటే కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. గొంతు కోసమైతే ఇంత ఏడుపు రాదు, ఆ గొంతు ఫోన్ నిండా ఉంది.

*

గురువారం మధ్యాహ్నం ఇంట్లో పని పెట్టుకుంది. అక్క వచ్చిన రోజు రికార్డింగే ఎడిట్ చెయ్యాలి. తన ఓపెన్ బ్యాక్ పెట్టుకుని ఒకసారి వింది. అంతా బాగానే ఉంది. నిజానికి అంతా అంటే అంతా వినిపించింది. కవలలిద్దరూ పళ్ళేల మీద గరిటెలతో వాయిస్తున్న వాయింపు కూడా.

“ఒరే, కాస్త ఆపండ్రా!”

“ఇది పిన్ని కచేరీ!” అన్నాడొకడు. రెండోవాడు ఇంకా గట్టిగా వాయించాడు.

ఇక లాభం లేదని అతని క్లోజ్డ్ బ్యాక్ తీసి పెట్టుకుంది. తలుపు వేసి గడియ పెట్టినట్టు ఇల్లు మాయమైపోయింది. మళ్ళీ మొదట్నుంచీ వినడం మొదలెట్టింది.

“అతను గుమ్మం దగ్గర ఆగాడు” అని చదివి అతను నీళ్ళ కోసం ఆగిన చోట, ఏదో ఉంది.

మామూలు చెవికైతే అదేం లేదు. పాముచెవి వెనక్కి తిప్పింది. నిశ్శబ్దం అడుగున చీమ మాట్లాడినట్టు సన్నగా ఏదో. ఎక్కడో రేడియో అనుకుంది. వాల్యూమ్ పెంచింది. ఇంకా పెంచింది.

“...ఏమే, నచ్చాడా?”

“ఛీ ఛీ! గొంతు బాగుంటుంది, అంతవరకే...”

వెనక్కి తిప్పి మళ్ళీ వింది. తన మాటలే. బటన్ లోంచి వెళ్ళి, అతని చెవుల్లో పడి, ఆ తలుపుల్లేని హెడ్‌ఫోన్స్‌లోంచి బయటికి కారి, అతని మైకులోనే పడ్డాయి. చూడకుండా వింటేనే బాగుంటాడు. ఎంత మాటంది!

ఆ మాటయ్యాక అతని ఊపిరి వినిపించింది. అతని ఊపిరులన్నీ ఆమెకి తెలుసు. పెద్ద వాక్యం ముందు పీల్చేది ఒకటి, నవ్వొచ్చే చోట ముక్కుతో వదిలేది ఒకటి, కామా దగ్గర దొంగతనంగా తీసుకునేది ఒకటి. రోజూ వాటిని కోసి పారేసే మనిషి కదా. కానీ ఇది ఎప్పుడూ వినలేదు. లోపలికి తీసుకున్నాడు, వదల్లేదు. ఎంతసేపటికీ వదల్లేదు. ఆ తర్వాత గ్లాసు బల్ల మీద పెట్టి, మామూలు గొంతుతో, “లోపలికి వెళ్ళాలా వద్దా అని ఆలోచించాడు” అని తర్వాతి వాక్యం చదివాడు.

పాముచెవి హెడ్‌ఫోన్స్ తీసి ఏడ్చేసింది. కవలలు గరిటెలు పడేసి, “మేమేం చెయ్యలేదు!” అని పారిపోయారు.

సాయంత్రం అక్క వచ్చి అంతా వింది.

“నువ్వు అబద్ధం చెప్తున్నావని నాకు అప్పుడే తెలుసే.”

“ఎలా?”

“కింది పెదవి కొరుక్కున్నావు. రోజూ నోళ్ళు చూసేదాన్ని, నాకు తెలీదూ? కానీ అతను నీ నోరు చూళ్ళేదు కదా. మాటే విన్నాడు.”

“ఇప్పుడేం చెయ్యను?”

“ఏముంది, పుచ్చిన చోటే పూడ్చాలి. పక్క పన్ను తోమితే ఏం లాభం?”

*

శుక్రవారం అతను ఆఖరి చాప్టర్ చదివేశాడు. ఎక్కడా తడబడలేదు, ఎక్కడా చేతులూపలేదు. దొంగ వచ్చినా నిటారుగానే కూర్చున్నాడు. బయటికొచ్చి బూట్లు వేసుకోబోతుంటే ఆమె అడ్డం నిలబడింది.

“ఒక ప్యాచ్ ఉంది. చేసి వెళ్ళండి.”

ప్యాచంటే పాడైన వాక్యాన్ని తీసేసి, మళ్ళీ చదివించి అతికించడం.

“ఎక్కడ మేడమ్?”

“మీది కాదు. నాది.”

అతన్ని తన కుర్చీలో కూర్చోబెట్టి, అతని హెడ్‌ఫోన్స్ అతని చెవులకే తగిలించి, ఆ ముక్క వినిపించింది. అతను మధ్యలోనే తీసేశాడు.

“తెలుసండీ. అప్పుడే విన్నాను.”

“మీరు విన్నారని నేను నిన్న విన్నాను.”

“పోనీండి. మీరన్నదాంట్లో తప్పేముంది? మీ అక్కగారు పన్ను గురించి అన్నది కూడా నిజమే. పెద్ద గొంతు, చిన్న మనిషి. నాకు అలవాటే. కాకపోతే మీరంటే...” అని ఆపేశాడు. “మీరంటారని అనుకోలేదు. అంతే.”

“హెడ్‌ఫోన్స్ తియ్యకండి. దయచేసి” అని ఆమె బూత్‌లోకి వెళ్ళి తలుపేసుకుంది.

లోపల ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని ఆమెకి తెలీదు. ఎన్నో నవలలు ఎడిట్ చేసింది గానీ, ఈ మైకు ముందు ఎప్పుడూ కూర్చోలేదు. తన ఓపెన్ బ్యాక్ తగిలించుకుంది. అద్దం అవతల అతను రికార్డ్ బటన్ మీద వేలు పెట్టి, ఎందుకో అర్థం కాకపోయినా నొక్కాడు.

“అక్క నచ్చాడా అని అడిగింది కదా” అంది పాముచెవి. మైకు దగ్గరికి జరిగింది. “దానికి అసలు జవాబు ఇది. నచ్చాడు. సిగ్గేసి అబద్ధం చెప్పాను. ఆర్నెల్లు గొంతే విన్నాను, నిజమే. మీసం కూడా నేనే పెట్టుకున్నాను. కానీ షాపులో మిమ్మల్ని చూశాక ఆ మీసపాయన ఎటు పోయాడో పోయాడు, మళ్ళీ గుర్తు రాలేదు. మీరు ఉత్త కాళ్ళతో చదువుతారు. ముసలమ్మ వస్తే నడుం పట్టుకుంటారు. ఇవేవీ ఏ హెడ్‌ఫోన్స్‌లోనూ రావు. అందుకే రెండు బస్సులెక్కి వస్తున్నాను. చూడకుండా వింటే బాగుంటారన్నాను, అది తప్పు. చూస్తూ వింటే... చూస్తూ వింటే నాకు ఏ తప్పూ కనబడట్లేదు, అదే నా బాధ. ఎడిటింగ్ కుదరట్లేదు.”

ఆపి, అద్దంలోంచి చూసింది. అతను తల దించుకుని ఉన్నాడు. ఇక చెప్పడానికేం మిగల్లేదు. ఉన్నదంతా చెప్పేసింది. ఇప్పుడు అతను బూట్లు వేసుకుని వెళ్ళిపోతే, వెళ్ళిపోనివ్వడం తప్ప చేసేదేం లేదు.

అతను మెల్లగా ఎర్ర బటన్ నొక్కాడు.

“రెండో భాగం చదువుతాను” అన్నాడు.

పాముచెవి బల్ల గట్టిగా పట్టుకుంది.

“కానీ ఒక కండిషన్. ఇంజనీరు సెలవయ్యి వచ్చేసినా, ఈ కుర్చీలో రోజూ నువ్వే కూర్చోవాలి.”

ఆమె కళ్ళు ఇంతయ్యాయి.

“ఏమన్నారు?”

“కూర్చోవాలన్నాను.”

“అది కాదు. దాని ముందు మాట.”

అతను మొదట అయోమయంగా చూశాడు. తర్వాత ఏమన్నాడో అతనికే వినిపించినట్టుంది. ఆ పెద్ద చెవులు రెండూ ఎర్రబడ్డాయి.

“నువ్వు... అన్నానా? సారీ అండీ, నోరు జారి...”

“ఇంకోసారి చెప్పండి.”

“ఎందుకు? సరిగ్గా రాలేదా?”

“చాలా బాగా వచ్చింది” అంది పాముచెవి, కళ్ళు తుడుచుకుని నవ్వుతూ. “అయినా ఇంకో టేక్ కావాలి.”

అతను కుర్చీ ముందుకి లాక్కుని, వదలకుండా దాచుకున్నదేదో వదిలినట్టు ఊపిరి వదిలి, బటన్ గట్టిగా నొక్కిపట్టాడు.

“నువ్వు” అన్నాడు.